రెండిళ్ల పత్తి

జమ్మలమడుగులో బస్సెక్కినప్పటి నుంచీ అబ్దుల్ సలాం పెళ్లానికి ఒకటే పాట పాడుతున్నాడు. సభలో తప్పు చెప్పమంటే ఏదైనా చిన్న తప్పు చెప్పి కూర్చోవాలట, పెద్దదాని జోలికి పోకూడదట.

“ఆ దినం పొయ్యి మీద సంగటి మాడిపాయనని చెప్పు. అదీ తప్పే గదా,” అన్నాడు నాలుగోసారి.

“మాడలేదు గదా.”

“మాడిందని చెప్పు. పోయేదేముండాది?”

“తప్పు చెప్పేదానికి పోయి అబద్ధం చెప్పమంటాండావు. మళ్లా ఆ అబద్ధం చెప్పుకునేదానికి ఇంకో సభ పెట్టించాల,” అని రహమత్‌బీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నోరైతే గట్టిగానే లేచింది గానీ, భయం మాత్రం అట్లాగే ఉంది. సలాం చెప్పేది తప్పని ఆమె అనుకోవడం లేదు. అతని మాట వినాలనే ఉంది కూడా.

అది 1958, శ్రావణమాసం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా రెండేళ్లు నిండలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో ఊరికి పదిమంది చొప్పున పెట్టుకున్న శాంతి సంఘాల వాళ్లంతా ప్రొద్దుటూరులో కూడి, ఎవరి ఊళ్లో కొట్లాట ఎట్లా ఆపారో ఒకరికొకరు చెప్పుకోవాలని ఏర్పాటు. ఏర్పాటు చేసింది పద్మావతమ్మ. ఆడపిల్లల బడిలో టీచరు, ఖద్దరు తప్ప కట్టని మనిషి. ఉపన్యాసాలంటే ఆమెకు ఒళ్లు మంట. అందుకే ఊరూరికీ ముందే కబురు పెట్టింది. విన్నది చెప్పొద్దు, చదివింది చెప్పొద్దు, చేసింది చెప్పండి. చేసిన మంచి ఒకటి చెబితే, దాంట్లో చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. తప్పు చెప్పలేనివాళ్లు వినడానికి రావచ్చు, మాట్లాడటానికి మాత్రం లేదు.

నియమం మంచిదే. దాంతో రహమత్‌బీకి మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

ఎందుకంటే ఆమె చేసిన తప్పు సంగటి మాడటం లాంటిది కాదు. దూదేకే ఇంట్లో పుట్టినవాళ్లు చేయకూడని తప్పు ఒకటే ఉంది, ఒకరి పత్తిని ఇంకొకరి పత్తిలో కలపడం. రైతు తన చేలో పండిన పత్తిని గింజ తీయించి మూట కట్టి ఇస్తాడు. అదే పత్తి పరుపై తిరిగొస్తుందని కళ్లు మూసుకుని నమ్ముతాడు. ఆ నమ్మకం మీదే వాళ్ల పొయ్యి వెలిగేది. అటువంటిది, రహమత్‌బీ ఎవరెవరి పత్తి కలిపిందంటే, ఓబుళప్ప పత్తీ నాగసుబ్బయ్య పత్తీ. ఇంక చెప్పేదేముంది.

ముద్దిరెడ్డిపల్లెలో ఓబుళప్ప ఇల్లు గొందికి పై కొసన, నాగసుబ్బయ్య ఇల్లు కింది కొసన. నడుమ రహమత్‌బీ గుడిసె. ఇద్దరూ పెద్ద సేద్యగాళ్లే, ఇద్దరి వెనకా నలభై కర్రలు ఉన్నవాళ్లే. తొమ్మిదేళ్ల కిందట, రెండు చేల మధ్య గట్టు మీది తుమ్మచెట్టు ఎవరిదనే దగ్గర మాట పెరిగింది. ఆ చెట్టును ఎవరో నరుక్కుపోయి పొయ్యిలో పెట్టుకుని కూడా ఎనిమిదేళ్లయింది. తగవు మాత్రం ఎండలేదు. మూడుసార్లు తలలు పగిలాయి, ఒకాయనకు చెయ్యి పనికిరాకుండా పోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడక తప్పని చోట మధ్యలో ఒక మనిషిని నిలబెట్టుకునేవారు. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరమే ఉన్నా సరే, “ఆయప్పకు చెప్పు” అని ఒకరు, “విన్నానని చెప్పు” అని ఇంకొకరు. ఆ మధ్యమనిషి పని ఎప్పుడూ సలాం మెడకే చుట్టుకునేది. రెండు ఇళ్ల గడపా తొక్కి పని చేసేవాళ్లు ఊళ్లో ఈ మొగుడూ పెళ్లాలే మరి.

మొన్న ఫాల్గుణంలో రెండు ఇళ్ల నుంచీ పత్తి మూటలు ఒకేసారి వచ్చాయి. ఓబుళప్ప కూతురికీ, నాగసుబ్బయ్య కొడుక్కీ వైశాఖంలో పెళ్లిళ్లు. పరుపులు కావాలి. ఓబుళప్పది నల్లరేగడి పత్తి, నాగసుబ్బయ్యది ఎర్రనేల పత్తి. రహమత్‌బీ గుడిసెలో ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెట్టి, మధ్యలో చాప అడ్డం కట్టింది. పత్తులు కూడా ఒకదాని మొహం ఒకటి చూడకూడదు కాబోలునని సలాం నవ్వాడు.

ఆ వారంలోనే ఓబుళప్ప ఎద్దు నాగసుబ్బయ్య కల్లంలో పడి జొన్నలు మేసింది. ఎవడో గుదియ విసిరితే ఎద్దు కొమ్ము విరిగింది. ఒక్క పూటలో గొందికి రెండు కొసలా జనం నిండారు. కర్రలు, గొడ్డళ్లు, అటకల మీద దాచిన ఈటెలు కూడా దిగాయి. ఊళ్లో శాంతి సంఘం లేదా అంటే ఉంది. పదిమందిలో ఎనిమిదిమంది ఆ పూట జమ్మలమడుగు సంతకు పోయారు. మిగిలింది రహమత్‌బీ, సలాం.

రహమత్‌బీ బయటికి తొంగిచూసి లోపలికొచ్చింది. “ఏకే విల్లు బయటికి తే,” అంది.

“ఈ పొద్దు పనికి కూచుంటావా?”

“ఈ పొద్దే కూచోవాల.”

ఆమె ఆ మూట ఒక చేత్తో, ఈ మూట ఒక చేత్తో ఈడ్చుకొచ్చి గొంది మధ్యలో విప్పింది. పైకొస వైపు నాగసుబ్బయ్య పత్తి, కిందికొస వైపు ఓబుళప్ప పత్తి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కాలు పెట్టే సందు లేకుండా పరిచింది. ఆ హడావిడిలో ఎవరి పత్తి ఎవరి వైపు పెట్టిందో చూసుకోలేదు, తారుమారైంది. మధ్యలో చతికిలబడి సలాం విల్లు మీటడం మొదలుపెట్టాడు. విల్లు మోగింది. దూది లేచింది.

పత్తిని తొక్కే రైతు ఆ తాలూకాలో ఇంకా పుట్టలేదు. పత్తి లక్ష్మి. తనదైనా, పరాయిదైనా, పగవాడిదైనా కాలు పెట్టరు. ముందు వరసలోని వాళ్లు దూది అంచున వచ్చి ఆగారు, వెనకవాళ్లు వాళ్ల మీదికి తోసుకొచ్చి ఆగారు.

“తియ్ మే, దావ ఇడువు,” అని ఓబుళప్ప అరిచాడు.

“పనిలో ఉండాను అప్పా. మీ పరుపులే. తొందరైతే తొక్కుకుంటా పోండి.”

ఎవరూ తొక్కలేదు. అంతలో కొండ వైపు నుంచి గాలి తిరిగింది. ఏకిన దూది గొందంతా లేచి, మీసాల మీద, తలపాగాల మీద, ఈటెల మొనల మీద వాలింది. ఒకడు తుమ్మాడు. అవతలి కొస నుంచి ఇంకొకడు తుమ్మాడు. తెల్లటి మీసాలతో ఎదురెదురుగా నిలబడినవాళ్లను చూసి గోడల మీది నుంచి చూస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నవ్విన తర్వాత కొట్లాట ఎక్కడ కుదురుతుంది? పొద్దు వాలేసరికి గొంది ఖాళీ అయింది. మరునాడు పద్మావతమ్మ ఎడ్లబండి కట్టించుకొచ్చి ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. ప్రొద్దుటూరు సభ దాకా కర్ర ఎత్తం, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత, అన్నారు ఇద్దరూ. ఆ మాటా ఆమెకు చెప్పారే గానీ ఒకరికొకరు చెప్పుకోలేదు.

పత్తి మాత్రం కలిసిపోయింది. ఏరడానికి ఆ రాత్రంతా కూర్చున్నా పిడికెడు కూడా ఏరలేకపోయారు. రెండు ఇళ్ల వాళ్లూ వచ్చి, “మా పత్తి మాకు ఏరి పెట్టినావా?” అని అడిగారు. ఏరి పెట్టానని రెండు ఇళ్లకూ చెప్పింది రహమత్‌బీ. ఆ మాట అన్నప్పటి నుంచీ ఆమెకు అన్నం సయించలేదు. పరుపులు కుట్టి ఇస్తే ఆశ్చర్యం, ఇద్దరూ మురిసిపోయారు. ఇంత మెత్తటి పరుపు ఈ జిల్లాలో లేదని ఓబుళప్ప నల్లరేగడిని పొగిడాడు, నాగసుబ్బయ్య ఎర్రనేలను పొగిడాడు. వాళ్లు పొగిడిన కొద్దీ ఆమె కుంగిపోయింది.

ఇప్పుడా ఇద్దరూ ప్రొద్దుటూరు సభకు వస్తున్నారు. ఒకే బస్సెక్కడం ఇష్టం లేక ఓబుళప్ప కోడి కూయకముందే బండి కట్టించాడు. నాగసుబ్బయ్య ఇదే బస్సులో ముందు సీట్లో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

సభ పెట్టింది ఊరి చివర పత్తి మిల్లు ఆవరణలో. పత్తి రోజులు కావు గనుక మిల్లు ఖాళీగా ఉంది. వచ్చినవాళ్లకు ముందు ఉగ్గాని, బజ్జీలు పెట్టి, జంపఖానాలు పరిచి కూర్చోబెట్టారు. దాదాపు నూటయాభైమంది. ఓబుళప్ప ఎడమ స్తంభానికి ఆనుకున్నాడు. అది చూసి నాగసుబ్బయ్య కుడి స్తంభం వెతుక్కున్నాడు.

మొదట పులివెందుల నుంచి వచ్చిన గాజుల హుమాయున్ లేచాడు. వాళ్ల ఊళ్లో రెండు వీధుల వాళ్లు ఊరేగింపు దారి కోసం రాళ్లు కుప్ప పోసుకుంటే, ఈయనా ఇంకో నలుగురూ ఆ రాళ్ల కుప్పల మధ్య మూడు దినాలు పస్తు కూర్చున్నారట. మూడోరోజు రెండు వీధుల ఆడవాళ్లూ వచ్చి రాళ్లు మోసుకుపోయారట.

“బాగుంది. తప్పు చెప్పు,” అంది పద్మావతమ్మ.

హుమాయున్ తల గోక్కున్నాడు. “రెండో దినం మధ్యాన్నం గోడెనక్కు పోయి ఉడకేసిన చెనిక్కాయలు తిన్నా తల్లీ. ఒక్క దోసెడే.” తనతో పస్తు కూర్చున్నవాళ్ల వైపు ఓసారి చూశాడు. “రెండు దోసిళ్లు.”

ఆవరణంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనతో పస్తు కూర్చున్న నలుగురే. వాళ్లూ అదే గోడ వెనక్కి పోయారేమో, ఎవరూ అడగలేదు.

తర్వాత చాపాడు వైపు నుంచి కృష్ణమ్మ. అరవై ఏళ్ల మనిషి, నిలబడితే చెయ్యి నడుం మీది నుంచి తీయదు. ఊరి మగవాళ్లు కొట్లాటకు తయారవుతుంటే, ఆడవాళ్లంతా కలిసి కత్తీ గొడ్డలీ ఏదీ మిగల్చకుండా జొన్నలు నిలవ చేసే పాతరలో దాచి, పైన మన్ను కప్పేశారు. ఆయుధం దొరక్క మగవాళ్లు ఊరంతా తిరిగి తిరిగి అలిసిపోయి పడుకున్నారు.

“తప్పేందంటే, ఆ ఊపులో కోత కొడవండ్లు గూడ దాంట్లోనే ఏసినాం. యా పాతరలో ఏసినామో మరిసిపోయినాం. కోతలొచ్చినాక ఊర్లో పదకొండు పాతర్లు తవ్వినాం,” అంది. ఆమె మాత్రం నవ్వలేదు. నవ్వాపుకోలేక పద్మావతమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

రహమత్‌బీ కూడా నవ్వింది. నవ్వుతుంటే ఆమెకు ఒకటి తోచింది. ఇక్కడ ఎవరి తప్పు చెప్పినా అందరూ దగ్గరవుతున్నారు, ఎవరూ దూరం జరగడం లేదు. కానీ చెనిక్కాయలు తింటే కర్రలు లేవవు, కొడవళ్లు పోతే బతుకుతెరువు పోదు. తను చెప్పబోయేది ఇక్కడ నవ్వులతో అయిపోయినా, ఊరికి పోయాక తలలు పగలొచ్చు. ఇంకెవరూ పత్తి ఇవ్వకపోనూవచ్చు.

“ముద్దిరెడ్డిపల్లె,” అని పిలిచింది పద్మావతమ్మ.

సలాం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “సంగటి,” అన్నాడు మెల్లగా.

రహమత్‌బీ లేచింది. గొందిలో పత్తి పరిచిన సంగతి చెబుతుంటే జనం ముందుకు వంగి విన్నారు. మీసాల మీద దూది వాలిన చోట మళ్లీ నవ్వారు. ఓబుళప్ప, నాగసుబ్బయ్య కూడా వేరేవేరేగా, ఒకరు చూడకుండా ఒకరు ముసిముసిగా నవ్వుకున్నారు. అంతా చెప్పి ఆమె ఆగిపోయింది.

“తప్పు?” అంది పద్మావతమ్మ.

సంగటి అనే మాట నాలుక దాకా వచ్చింది. ఎదురుగా కృష్ణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని తననే చూస్తోంది. ఈ ముసలామె పదకొండు పాతరలు ఒప్పుకుంటే, నేను ఒక సంగటి ముద్ద వెనక దాక్కోవాలా అనిపించింది రహమత్‌బీకి. సిగ్గేసింది. సిగ్గు తర్వాత ధైర్యం వచ్చింది.

“ఆ గాలికి రెండిండ్ల పత్తీ కలిసిపాయ. ఏరలేకపోతిమి. ఏరినానని ఇద్దరికీ అబద్ధం చెప్తి. కలిసిన పత్తే ఏకి రెండిండ్లకూ పరుపులు కుట్టి ఇస్తి. ఈ అప్ప బిడ్డ పరుపులో ఆ అప్ప పత్తి ఉండాది, ఆ అప్ప కొడుకు పరుపులో ఈ అప్ప పత్తి ఉండాది. ఇదీ నా తప్పు. అల్లా మీద ఆన, ఇంకేమీ దాచలేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరు ఈ అప్ప, ఎవరు ఆ అప్ప అని ఆమె వేలు పెట్టి చూపకపోయినా, అందరి తలలూ రెండు స్తంభాల వైపు తిరిగాయి.

ఓబుళప్ప లేచాడు. మొహం ఎర్రగా ఉంది. “మే, రహమతూ. నా బిడ్డ పరుపులో ఆయప్ప పత్తి ఎంతుండాది?”

“తెల్దప్పా. ఏకినాక ఎవరిదేదో ఏకినోళ్లకే తెల్దు.”

అప్పుడు కుడి స్తంభం దగ్గర నాగసుబ్బయ్య మిల్లు కప్పు వైపు చూస్తూ, ఎవరికీ కాదన్నట్టు, “అందుకే అంత మెత్తగుండాది. నా పత్తి కలిసింది గాబట్టి,” అన్నాడు.

అలవాటు ప్రకారం సలాం ఇద్దరి మధ్యకూ పోయి నిలబడ్డాడు. “ఓబుళప్పా, ఆయప్ప ఏమంటాండాడంటే,” అని మొదలుపెట్టాడు.

“ఇనపడింది, నువ్వు కూచో,” అన్నాడు ఓబుళప్ప. సలాంను పక్కకు జరిపి నేరుగా నాగసుబ్బయ్య మొహంలోకి చూశాడు. “నీ పత్తి మెత్తనా? ఎర్రనేల పత్తి, దాని పీచు అంగుళం గూడ సాగదు. మెత్తగుండేది నా రేగడి పత్తి కలిసినందుకు.”

“నీ రేగడి పత్తి ఉండలు కడతాది. మీ నాయన కాలం నుంచి చూస్తాండా గదా.”

“మా నాయన కాలంలో మీరు మా ఇంట్లోనే గదా ఇత్తనాలు తీసుకున్యది.”

“తీసుకున్యాం. మొలిచినేది సగమే.”

గొంతులు పెరుగుతున్నాయి. స్తంభాలు రెండూ వెనకబడ్డాయి, ఇద్దరూ జంపఖానా మధ్యకు వచ్చేశారు. పద్మావతమ్మ కంగారుగా లేచి వాళ్ల మధ్యకు పోబోయింది. రహమత్‌బీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పోవద్దు టీచరమ్మా. నీకు తెల్దు. తొమ్మిదేండ్లయింది.”

“దేనికి?”

“వాళ్లు మాట్లాడుకుంటాండారు.”

పద్మావతమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి వెనక వరస దాకా పాకింది. నూటయాభైమంది మెత్తదనం మీదా, పీచు మీదా, ఎప్పుడో మొలవని విత్తనాల మీదా ఆ ఇద్దరి వాదన ఊపిరి బిగబట్టి విన్నారు. రహమత్‌బీకి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. సంతోషంతో వచ్చిన నీళ్లే, తుడుచుకోలేదు. ఇంత తియ్యటి తగవు ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

చివరికి ఓబుళప్ప తొడ చరిచాడు. “మాటలెందుకు? ఈ తూరి పంట రానీ. నీది వేరే, నాది వేరే. ఈ రహమతే ఏకుతాది. మన కండ్ల ఎదురుగా. యాది మెత్తనో తేల్చుకుందాం.”

“సరే. యాడ ఏకాల?”

“మా వాకిట్లో.”

“మీ వాకిట్లో ఏకితే నేనెట్ల చూడాల?”

వాదన ఠక్కున ఆగింది. ఇద్దరూ ఒక క్షణం ఎక్కడున్నారో అప్పుడే చూసుకున్నట్టు నిలబడ్డారు. తొమ్మిదేళ్లుగా ఆ గడప ఈ మనిషి తొక్కలేదు, ఆ సంగతి ఊరందరికంటే వాళ్లిద్దరికే బాగా తెలుసు. రహమత్‌బీ చెయ్యి పద్మావతమ్మ చేతిని నలిపేస్తోంది.

“ఎట్ల చూడాల ఏంది? నడుచుకుంటా వచ్చి చూడు. కాళ్లు లేవా?” అన్నాడు ఓబుళప్ప, గొంతు సవరించుకుని.

నాగసుబ్బయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. “వస్తా. అయితే మీ ఇంట్లో మజ్జిగ మాత్రం తాగను. ముందే చెప్తాండా.”

“తాగకుండా ఎట్ల పోతావో నేనూ చూస్తా,” అన్నాడు ఓబుళప్ప.